ఖాళీదే సార్!

శ్రోతలకు నమస్కారం. మొన్న బ్యాంకులో టోకెన్ తీసుకుని కూర్చున్నాను. గుమ్మం పక్కన స్టూలు మీద సెక్యూరిటీ గార్డు, పాతకాలం డబుల్ బ్యారెల్ తుపాకీ ఒళ్లో అడ్డంగా పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ గొట్టాలు రెండూ తిన్నగా పాస్‌బుక్ ప్రింటింగ్ లైన్లో ఉన్నవాళ్ల మోకాళ్ల వైపే ఉన్నాయి. ఒక్కరూ పట్టించుకోలేదు. నేనే ఉండబట్టలేక వెళ్లి, "అన్నా, కాస్త అటు తిప్పి పట్టుకో" అన్నాను. ఆయన నవ్వేసి, "ఖాళీదే సార్, తూటాలు లేవు" అన్నాడు.

ఈ "ఖాళీదే" అన్న మాట నాకు పడదు. తుపాకీ జాగ్రత్తలు అందరికీ తెలియాలంటాను, ఎందుకో చెప్తాను.

కాలేజీలో నేను ఎన్‌సీసీ. క్యాంపులో ఫైరింగ్ రోజంటే మాకు పండగే. పాయింట్ టూ టూ రైఫిల్, పాతిక మీటర్ల దూరంలో కాగితం టార్గెట్, మనిషికి ఐదు రౌండ్లు. కాల్చడం రెండు నిమిషాల పని. దానికోసం పొద్దుటి నుంచి ఎండలో కూర్చోబెట్టి హవల్దారు చెప్పిందే చెప్పేవాడు: మూతి టార్గెట్ వైపే ఉండాలి, ఆర్డర్ వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఆ చిన్న తూటా కూడా కిలోమీటరుకు పైగా పోతుందట. మాకు విసుగు. అంతలో మావాడొకడు ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు. పడుకున్నవాడు అలాగే ఉండి చెయ్యెత్తాలి కదా, వీడు రైఫిల్‌తో సహా వెనక్కి తిరిగి "సార్, పని చెయ్యట్లేదు" అన్నాడు. వెనకాల ముప్పై మందిమి ఉన్నాం. హవల్దారు ఒక్క దూకు దూకి బ్యారెల్‌ను నేలకేసి అదిమిపట్టాడు. కాసేపు ఆగి బోల్టు లాగితే తూటా బయటపడింది. దాని అడుగు అంచున పిన్ను కొట్టిన చిన్న నొక్కు ఉంది. ఆయన తిట్టలేదు. ఆ నొక్కు మాకందరికీ చూపించాడు, అంతే. ఆ రోజు నా ఐదింటిలో ఎన్ని తగిలాయో గుర్తులేదు కానీ ఆ నొక్కు మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

పిస్టల్‌తో ఇంకో చిక్కు. మ్యాగజైన్, అంటే పిడిలో ఉండే తూటాల డబ్బా, లాగేస్తే ఖాళీ అయిపోయిందనుకుంటాం. కాదు, గొట్టం మొదట్లో, అంటే ఛాంబర్‌లో, ఒక తూటా ఉండిపోవచ్చు. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాత స్లైడ్, అంటే పైన జరిగే భాగం, వెనక్కి లాగి లోపలికి కంటితో చూడాలి. వరస తారుమారై ముందు స్లైడ్ లాగారనుకోండి, లోపలున్నది బయటపడుతుంది, కింద నుంచి ఇంకోటి ఎక్కి దాని చోట్లో కూర్చుంటుంది. అప్పుడు మ్యాగజైన్ తీసి "ఖాళీ" అంటారు. అమెరికాలో రూమ్మేట్ దగ్గర తుపాకీ ఉండటం పెద్ద వింతేమీ కాదు. పిల్లల్ని అక్కడికి పంపేటప్పుడు ఆవకాయ డబ్బా మూత బిగిసిందో లేదో పదిసార్లు చూస్తాం, ఈ ముక్క మాత్రం ఎవరం చెప్పం.

మరి అందరూ కాల్చడం కూడా నేర్చుకోవాలా? నన్నడిగితే అక్కర్లేదు. ఆత్మరక్షణ అంటారు కానీ, లైసెన్సు దొరకడమే కష్టమైన దేశంలో నాలుగు రోజుల రేంజి ట్రైనింగ్‌తో వచ్చేది నేర్పు కాదు, ధీమా. ఆ ధీమాతోనే నాకు భయం. ఆటగా ఇష్టమైతే సంతోషంగా వెళ్లండి, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తోనే. జాగ్రత్తలు మాత్రం, తుపాకీ ముట్టుకోని వాళ్లక్కూడా తెలియాలి. ఎక్కడైనా తుపాకీ కనబడితే ముట్టుకోకుండా, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకుండా 112కి ఫోన్ చేయాలని స్కూల్లో చెప్పడానికి పది నిమిషాలు చాలు. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చే మహానుభావులున్నారు, పైకి పోయిన తూటా కింద పడదనుకుంటారో ఏమో. 2019లో ఆయుధాల చట్టం సవరించి అలాంటివాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అన్నారు. అడవి అంచు ఊళ్లలో నాటు తుపాకీ పట్టుకుని పొద కదలగానే అడవిపంది అనుకుని కాల్చేస్తే, ఒక్కోసారి అక్కడున్నది మనిషి. ఎదురుగా ఏముందో, దాని వెనకాల ఏముందో కళ్లారా చూడకుండా కాల్చకూడదన్నది కూడా మా హవల్దారు పాఠంలోదే.

చట్టం ఈ సంగతి మరిచిపోలేదు. లైసెన్సుకు సేఫ్టీ ట్రైనింగ్ ఉండాలని 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో రాశారు.

మళ్లీ బ్యాంకుకొస్తే, నా నంబరు ఇంకా రాలేదు. "సరే అన్నా, ఖాళీదే అంటున్నావుగా, ఒకసారి విరిచి చూపించు" అన్నాను. ఆయన కాస్త తడబడ్డాడు, మీట ఎటు నొక్కాలో వెంటనే తోచలేదు. చివరికి తుపాకీ మధ్యలో మడత పడింది. రెండు గొట్టాల్లోంచీ వెలుతురు కనబడింది, నిజంగానే ఖాళీ.

"ఇదంతా ఎక్కడ నేర్పించారు మీకు?" అని అడిగాను.

"నేర్పించడమేంటి సార్, చేతికిచ్చి ఇక్కడ కూర్చోమన్నారు" అని దాన్ని మళ్లీ మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఈసారి మూతి ఏటీఎం గది వైపు ఉంది.