రెండు డబ్బాలు, ఒకటే బండి

శ్రోతలకు నమస్కారమండీ. ఈ ఉదయం చెత్త ఆటో వచ్చినప్పుడు, రోజూలా కవరు ఇచ్చేసి లోపలికి వెళ్లకుండా కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆటోలో ఉన్నావిడ గ్లవ్స్ కూడా లేకుండా కవరు చించింది. రాత్రి మిగిలిన సాంబారు, అందులో నానిన పాల ప్యాకెట్లు, డైపరు, పగిలిన బల్బు. ఓ అట్టపెట్టె బయటికి తీసింది గానీ పులుసు కారుతోందని మళ్లీ అందులోనే పడేసింది. పొడిగా ఉంటే పాత సామాన్ల కొట్టులో దానికి నాలుగు డబ్బులొచ్చేవి.

హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి చేరుతున్న జవహర్‌నగర్ యార్డు 300 ఎకరాలకు పైనే ఉంటుంది. పాత గుట్టను కప్పేశారు, 2020 నుంచి చెత్తతో కరెంటు కూడా తీస్తున్నారు, అయినా వానాకాలంలో దమ్మాయిగూడ వైపు వాళ్లు కంపు భరించలేక కిటికీలు మూసుకుంటారు. కూరగాయల తొక్కలు, అన్నం గాలాడని చోట కుళ్లితే మీథేన్ పుడుతుంది. ఎక్కడైనా డంపింగ్ యార్డులు ఎండాకాలం అంటుకుని రోజుల తరబడి పొగలు కక్కేది అందుకే. జవహర్‌నగర్‌లో ఆ కుళ్లులోంచి ఊరే నల్లటి రసం పక్కనే ఉన్న మల్కారం చెరువును పాడుచేసింది. పోనీ కాల్చి కరెంటు తీద్దామంటే తడి చెత్త సరిగ్గా మండదు కూడా.

తడి, పొడి, ప్రమాదకరం అని మూడు రకాలుగా వేరుచేసి ఇవ్వాలని కేంద్రం తెచ్చిన 2016 చెత్త నిర్వహణ నియమాలే చెప్పాయి. అంతకు ముందే, 2015లో, హైదరాబాద్‌లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు. "మేం వేరుచేసి ఇచ్చినా ఆటోలో అన్నీ కలిపేస్తున్నారు కదండీ" అని చాలామంది అంటారు. ఆ మాట నిజం, నాకూ కోపమే. ఆటోలో మధ్యన ఒక అడ్డు పలక పెట్టించడం అంత పెద్ద ఖర్చా? కార్పొరేటర్ కనిపిస్తే ముందు అదే అడగండి. 2000 దశకం మొదట్లోనే సూర్యాపేట మున్సిపాలిటీ తడి, పొడి విడిగా సేకరించి, తడి చెత్తను ఎరువు చేసి, వీధి కుండీలే తీసేసింది. పెద్ద నగరం కూడా కాదు, పెద్ద యంత్రాలూ లేవు.

ఇంట్లో అయితే ఒక పాత బకెట్ చాలు. అడుగున చిల్లులు పెట్టి, ఎండుటాకులు పరిచి, తొక్కలు, పైన గుప్పెడు మట్టి, కాస్త పుల్లమజ్జిగ వేయండి. వాసనొస్తే తడి ఎక్కువైందన్నమాట, ఇంకొన్ని ఎండుటాకులు వేసి కలిపితే సర్దుకుంటుంది. రెండు మూడు నెలల్లో మీ గులాబీ కుండీకి సరిపడా ఎరువు తయారవుతుంది.

ఇంకొక్క మాట. బ్లేడు, గాజుపెంకులు మాత్రం కాగితంలో చుట్టి విడిగా ఆవిడ చేతికే ఇచ్చి, ఇందులో గాజుందమ్మా అని చెప్పండి. ఇవాళ కవరు చించుతుంటే చూశాను, ఆవిడ బొటనవేలికి కట్టు ఉంది.