తెలుగు-ఒడియా ఆర్డర్ ఫారానికి బూట్‌స్ట్రాప్ 5 పనికొస్తుందా?

నమస్కారమండీ. ఇచ్ఛాపురం, పలాస, అవతల బరంపురం, పర్లాకిమిడి... ఈ చుట్టుపక్కల దుకాణాలకి వెబ్ పేజీలు కట్టేవాళ్ల కోసం ఈ రివ్యూ. బూట్‌స్ట్రాప్ అంటే పేజీ రూపం కోసం ముందే రాసిపెట్టిన కోడ్; అందులోని ‘క్లాసు’ పేర్లు తగిలిస్తే చాలు, ఆ రూపం వచ్చేస్తుంది. నమూనాకి జీడిపప్పు ఆర్డర్ ఫారం పెట్టాం. పైన తెలుగు, కింద ఒడియా.

లేఅవుట్‌కి తిరుగులేదు. గ్రిడ్, అంటే పేజీని నిలువుగా పంచే చట్రం, 12 కాలమ్‌లు. ‘కాల్-ఎండీ-6’ క్లాసు రాస్తే తెర వెడల్పు 768 పిక్సెల్స్ నుంచి రెండు గళ్లు పక్కపక్కన వస్తాయి, ఫోన్లో ఒకదాని కింద ఒకటి.

గొడవంతా అక్షరాల దగ్గరే. హెడ్డింగులకి ఇందులో లైన్-హైట్ (అక్షరం సైజుకి లైను ఎత్తు ఎన్ని రెట్లో) 1.2. ఇంగ్లిష్‌కి సరిపోతుంది, మనకి చాలదు. ‘స్వచ్ఛమైన పలాస జీడిపప్పు’ రెండు లైన్లకి విరిగితే, పైన ‘చ్ఛ’ వత్తు వచ్చి కింద ‘జీ’ గుడిదీర్ఘం నెత్తిన కూర్చుంటుంది. ఒడియా వత్తులకీ ఇదే బాధ. 1.6 పెట్టండి. అయితే మీ సీఎస్ఎస్ ఫైలు (రూపం నియమాలు రాసేది) బూట్‌స్ట్రాప్ ఫైలు తర్వాతే రావాలి; ముందు పెడితే దాని 1.2యే గెలుస్తుంది, మీరేమో గంటసేపు తల గోక్కుంటారు.

‘టెక్స్ట్-ట్రంకేట్’ క్లాసు ఇంకో తలనొప్పి. గడి దాటింది కోసేస్తుంది కాబట్టి ఇరుకు లైన్లో వత్తు అడుగు కూడా తెగిపోతుంది. సరుకు పేర్లకి వాడకండి, రెండో లైన్లోకి పోనివ్వండి.

ఇక గళ్లు. మామూలు గడి ఎత్తు 38 పిక్సెల్స్, అక్షరం 16. చోటు కలిసొస్తుందని చిన్న గడి క్లాసు ‘ఫారం-కంట్రోల్-ఎస్ఎం’ వేస్తే అక్షరం 14కి పడిపోతుంది. 16 కన్నా చిన్నదైతే ఐఫోన్‌లో గడి తాకగానే పేజీ మొత్తం జూమ్ అయిపోతుంది. ఫోన్ నంబరుకి టైప్ ‘టెల్’ ఇవ్వండి, ‘నంబర్’ వద్దు. అది లెక్కల గడి, ముందున్న సున్నా ఎగిరిపోవచ్చు.

గ్రిడ్‌కి పూర్తి మార్కులు, అక్షరాలకి సగమే.

తప్పు చూపించే మాటలు కూడా చూసుకోండి. ఖాళీ గడి మీద బ్రౌజర్ తన సొంత భాషలో కసురుతుంది, మనవాళ్ల ఫోన్లలో అది ఎక్కువగా ఇంగ్లిషే. ఫారానికి బ్రౌజర్ కసుర్లు ఆపే ‘నోవాలిడేట్’ తగిలించి, తప్పు మాట చూపించే క్లాసు ‘ఇన్‌వాలిడ్-ఫీడ్‌బ్యాక్’లో ‘పది అంకెల నంబరు రాయండి’ అని మీరే రాయండి, పక్కనే ఒడియాలోనూ. ఇది నడవాలంటే చిన్న జావాస్క్రిప్ట్ కావాలి: సబ్మిట్ నొక్కినప్పుడు తప్పుంటే ఫారాన్ని ఆపి, ఆ మాటలు కనబడేలా చేసే ‘వాజ్-వాలిడేటెడ్’ క్లాసు తగిలించాలి. ఆపడం మర్చిపోతే ఖాళీ ఆర్డర్లు నేరుగా దుకాణానికి వెళ్లిపోతాయి.