ఈ యాంటీవైరస్ కొనాలా? విండోస్‌లోనే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ చూశాక చెప్పండి

నమస్కారం అండీ. డబ్బు పెట్టి కొనే ఓ యాంటీవైరస్‌ను వాడి చూశాను, అది కొనాలా వద్దా అన్నదే ఈ రివ్యూ. ముందే చెప్పేస్తున్నాను, దాని ఏడాది లైసెన్స్‌ను ఆ కంపెనీవాళ్లే నాకు ఉచితంగా ఇచ్చారు. దాని ఏ ప్యాక్‌లో ఏముందో అవన్నీ ఇక్కడ చదవను.

వైరస్‌లు పట్టడం పట్టిందా అంటే, పట్టింది. యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూడటానికే తయారు చేసిన ఈకార్ టెస్ట్ ఫైల్‌ను సేవ్ చేయగానే ఆపేసింది. అది 68 అక్షరాల ఫైల్, ఏ హానీ చేయదు. కాకపోతే ఆ ఫైల్‌ను దాదాపు ఏ యాంటీవైరస్ అయినా పట్టేస్తుంది. ఆన్‌లో ఉందని తెలుస్తుందే గానీ, మంచిదని తేలదు.

నాకు ఒళ్లు మండింది పాపప్‌ల దగ్గర. స్క్రీన్ కుడివైపు కింద ఎర్రగా, "మీ కంప్యూటర్‌కు ముప్పు ఉంది" అని వస్తుంది. కంగారుపడి నొక్కితే ముప్పూ లేదు, ఏమీ లేదు. వీపీఎన్ (మన నెట్ వాడకాన్ని బయటివాళ్లకు కనబడకుండా దాచే సేవ) కొనమంటుంది. మూసేస్తే కాసేపటికి చెత్త ఫైళ్లు తీసే క్లీనర్ కొనమంటూ ఇంకొకటి.

ఇది చిన్న విషయం కాదండీ. వైరస్ వచ్చిందంటూ నా దగ్గరికి తెచ్చే కంప్యూటర్లలో చాలావాటిలో అసలు వైరసే ఉండదు. ఎప్పుడో ఏదో సైట్ నోటిఫికేషన్లు పంపవచ్చా అని అడిగితే "అలో" నొక్కి ఉంటారు. ఆ సైట్ సరిగ్గా అదే మూలలో, అదే ఎర్ర రంగులో దొంగ హెచ్చరికలు పంపుతూ ఉంటుంది. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి ఆ సైట్‌ను తీసేస్తే అవి ఆగిపోతాయి. మరి డబ్బు పెట్టి కొన్న యాంటీవైరసే అమ్మకాల కోసం ఇలా టెన్షన్ పెడితే, ఇంట్లో పెద్దవాళ్లు నిజమేదో మోసమేదో ఎలా తేల్చుకుంటారు?

సరే, నిజంగానే వైరస్ ఉంటే? అప్పుడు నేను మొదట వెళ్లేది విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ అయిన మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లోని ఆఫ్‌లైన్ స్కాన్‌కే. విండోస్ నడుస్తుంటే వైరస్ కూడా నడుస్తూనే ఉంటుంది. రూట్‌కిట్ లాంటివైతే స్కానర్‌కు కనబడకుండా దాక్కుంటాయి. కొన్నింటిని డిలీట్ చేసినా, రీస్టార్ట్ చేయగానే మళ్లీ ప్రత్యక్షమవుతాయి. ఆఫ్‌లైన్ స్కాన్ అలా కాదు, విండోస్ లేవకముందే రికవరీ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే కంప్యూటర్‌ను బాగు చేసుకోవడానికి విడిగా ఉండే చిన్న విండోస్‌లో నడుస్తుంది. వైరస్ ఇంకా నిద్ర లేవకముందే పట్టుకుంటుందన్నమాట.

పాత విండోస్‌లో దీనికోసం ఇంకో కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి సీడీయో పెన్‌డ్రైవో తయారు చేసుకోవాల్సి వచ్చేది. ఆ తిప్పలు నేను బాగా పడ్డాను. 2016లో విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్‌తో అది సెట్టింగ్స్‌లోకే వచ్చేసింది. విండోస్ సెక్యూరిటీ తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్, ఆఫ్‌లైన్ స్కాన్. నొక్కేముందు తెరిచి ఉన్న ఫైళ్లన్నీ సేవ్ చేసుకోండి, ఎందుకంటే వెంటనే రీస్టార్ట్ అవుతుంది. దాదాపు 15 నిమిషాలు పడుతుంది. మధ్యలో పవర్ బటన్ జోలికి వెళ్లకండి. విండోస్ మళ్లీ వచ్చాక ప్రొటెక్షన్ హిస్టరీలో చూస్తే ఏం దొరికిందో ఉంటుంది.

వైరస్ పోయినా, అది పట్టుకెళ్లినవి తిరిగి రావు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ ఊడ్చుకుపోయే రకాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అందుకే వేరే ఫోన్ నుంచి ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ కూడా చేయండి. ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ లాక్ చేసిన ఫైళ్లను కూడా ఏ స్కానూ తెరవలేదు, వాటికి బ్యాకప్ ఉండాల్సిందే. ఆ బ్యాకప్ డ్రైవ్‌ను పని అయ్యాక కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టండి.

నా మాట ఒక్కటే, ఈ యాంటీవైరస్ కొనకండి. పట్టడంలో దానికి వంక పెట్టను గానీ, ఆ పాపప్‌లను మా ఇంట్లోవాళ్ల కంప్యూటర్‌లో నేను ఉంచలేను. ఏడాది లైసెన్స్ చేతిలో ఉన్నా తీసేశాను. మీరూ తీసేస్తే ఒక పని చేయండి. వేరే యాంటీవైరస్ వేసినప్పుడు డిఫెండర్ కాపలా తనంతట తానే ఆగిపోతుంది. కాబట్టి రీస్టార్ట్ చేసి, డిఫెండర్‌లో ఎప్పటికప్పుడు కాపలా కాసే రియల్ టైమ్ ప్రొటెక్షన్ మళ్లీ ఆన్ అయిందో లేదో చూసుకోండి. ఆన్ కాకపోతే కామెంట్‌లో రాయండి, నేను జవాబిస్తాను.