ఆశ్వయుజంలో అట్ల పనికి పోత ఇనుము పెనం: నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఈరోజు వీడియో నా ముందున్న ఈ పెనం గురించి. పోత ఇనుముది, 12 అంగుళాలది. ముందే ఒక మాట చెప్పేస్తాను. దీన్ని కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో పెట్టకముందు వాళ్ళకి చూపించనూ లేదు. పేరు స్క్రీన్ మీద ఉంది, చూసుకోండి. బరువెంత, మందమెంత, ఇండక్షన్ మీద పనిచేస్తుందా, ఇవన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. ఆ లెక్కలు మళ్ళీ చదవను. నేను చూసింది ఒక్కటే. ఆశ్వయుజ మాసంలో మా ఇంట్లో పడే అట్ల పనికి ఇది నిలబడుతుందా, లేదా?

మా పుట్టిల్లు నర్సాపురం వైపు. అత్తగారిల్లు వరంగల్ వైపు. ఉండేది హైదరాబాద్‌లో. అందుకని ఈ నెలలో మా ఇంట్లో అట్ల పండగ రెండుసార్లు వస్తుంది. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఐదో రోజు అట్ల బతుకమ్మ. ఆ రోజు అమ్మవారికి అట్లే నైవేద్యం. అది ఆశ్వయుజ శుద్ధ చవితి ప్రాంతంలో పడుతుంది. దాని తర్వాత దసరా, పున్నమి, పున్నమి దాటాక బహుళ తదియ నాడు అట్లతద్ది. అంటే రెండింటికీ మధ్య దాదాపు రెండు వారాలే. అటు అత్తమ్మ పద్ధతి, ఇటు అమ్మ పద్ధతి, రెండింటికీ ఒకటే పెనం. ఇంతకంటే మంచి పరీక్ష ఏ పెనానికీ దొరకదు.

అట్లతద్ది తెలియని పిల్లలు కూడా ఈ ఛానెల్ చూస్తున్నారు కాబట్టి కొంచెం చెబుతాను. ముందురోజు రాత్రి గోరింటాకు. తెల్లవారుజామునే, ఇంకా చీకటి ఉండగానే లేచి, చద్దన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగుతో తినేసి ఉయ్యాలలు ఊగడం. ఇక పగలంతా ఉపవాసం. సాయంత్రం గౌరీపూజ, చంద్రుణ్ణి చూశాక వాయనం, ఆ తర్వాతే భోజనం. అమ్మవారికి పది అట్లు, వాయనం పుచ్చుకునే ముత్తైదువకి పది. కొన్ని ఇళ్ళల్లో పదకొండు. మినుములు రాహువుకి, బియ్యం చంద్రుడికి చెందిన ధాన్యాలనీ, వాటితో చేసిన అట్లు వాయనమిస్తే కుజదోషం పోతుందనీ పెద్దవాళ్ళు చెబుతారు. ఆ నమ్మకం ఉన్నా లేకపోయినా వంటింటి లెక్క మాత్రం మారదు. నైవేద్యానికి, వాయనానికి, పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా ఉన్నవాళ్ళకి, ఉపవాసం లేకపోయినా అట్ల కోసం కాచుకుని కూర్చున్న మగపిల్లలకి, అన్నీ ఒకే పూట పోయాలి. అదీ చంద్రుడు వచ్చేలోపు.

ఈ పెనం నాకు నచ్చింది ఇదిగో, ఇక్కడే.

పల్చటి పెనం మీద వరసగా అట్లు పోసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. మొదటి అట్టు అంటుకుంటుంది. రెండోది, మూడోది బాగా వస్తాయి. ఇక అక్కణ్ణుంచి పెనం మాడిపోతుంటుంది. మంట తగ్గిస్తాం, నీళ్ళు చిలకరిస్తాం, అప్పుడు ఒక్కసారిగా చల్లారిపోతుంది. తర్వాతి అట్టు తెల్లగా, పచ్చిగా వస్తుంది. మళ్ళీ మంట పెంచుతాం. ఆ పూటంతా చెయ్యి స్టవ్ నాబ్ మీదే. టెన్షన్ అంతా దాంతోనే. పూజ దగ్గర పిలుస్తున్నా పెనం వదిలి కదలలేం.

దీని మీద ఆ గొడవ లేదు. నిజానికి అల్యూమినియంలో పాకినంత వేగంగా ఇనుములో వేడి పాకదు. అందుకే ఇది కాలడానికి చాలాసేపు తీసుకుంటుంది. సన్నటి మంట మీద పెట్టి ఓ పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. తొందరపడి మంట పెద్దది చేస్తే నడుమ మాడుతుంది, అంచులు చల్లగానే ఉంటాయి. కానీ ఒకసారి కాలిందంటే ఆ బరువంతా వేడిని పట్టుకుని కూర్చుంటుంది. చల్లటి పిండి ఒక గరిటె పోసినా దానికి లెక్కే లేదు. ఒక అట్టు తీసి, ఉల్లిపాయ ముక్కతో రుద్ది, వెంటనే ఇంకోటి పోయొచ్చు. ఆఖరి అట్టుకి కూడా రెండో అట్టుకి వచ్చిన రంగే వచ్చింది. వాయనం పళ్ళెంలో అట్లన్నీ ఒకే రంగులో, ఒకే మందంలో దొంతరగా పేర్చి పెడితే అమ్మ చేత్తో తిరగేసి చూసింది. ఏమీ అనలేదు. అమ్మ వంటింట్లో ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

మా అట్టు కొలత అడుగుతారు కదా. ఒక గ్లాసు పొట్టు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యం. నానబెట్టి, పొట్టు పూర్తిగా తియ్యకుండా అక్కడక్కడ ఉండనిచ్చి, కాటుకలా కాకుండా చేతికి కొంచెం రవ్వ తగిలేలా రుబ్బుతాం. పులియబెట్టం. జీలకర్ర, ఉప్పు, అంతే. దోశలా లాగకూడదు. గరిటెడు పోసి, గరిటె అడుగుతో రెండు చుట్లు తిప్పి వదిలెయ్యాలి. మూత పెట్టి, పైన ఉడికాక తిరగెయ్యాలి. తోడుగా తిమ్మనం. గోదావరి జిల్లాల బయట చాలామందికి ఇది తెలియదు. బియ్యం నానబెట్టి రుబ్బి, కొబ్బరిపాలతో ఉడికించి, బెల్లం వేసి చిక్కగా దించుతాం. వేడి అట్టు తుంచి అందులో ముంచి తింటే పొద్దుటి నుంచీ చేసిన ఉపవాసం గుర్తే ఉండదు. అత్తమ్మ అట్టులో బియ్యం వంతు ఇంకా ఎక్కువ, కొంచెం గట్టిగా వస్తుంది, దానికి కారంపొడి ఉండాల్సిందే. నాకు రెండూ ఇష్టం.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన సంగతి. అంచు.

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను, చూడండి. ఈ పెనానికి అంచు ఉందా? పేరుకి ఒక గీతలా ఉంది. సన్నగా, కరకరలాడే దోశలు లాగేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసిన పెనం ఇది. బల్లపరుపుగా, అట్లకాడ ఏ వైపు నుంచైనా దూరేలా. దోశకి అది సుఖమే, కాదనను. కానీ అట్టుకి మూత కావాలి. ఆవిరి లోపల నిలిస్తేనే పైభాగం ఉడుకుతుంది, లేకపోతే అడుగు మాడినా పైన పచ్చి వాసన పోదు. ఈ పెనం మీద ఏ మూత పెట్టినా జారుతుంది. పెద్ద మూత పెడితే పిడి మీద ఎక్కి ఒక పక్క లేచి ఉంటుంది. చిన్నది పెడితే అట్టు అంచుల మీద కూర్చుని అతుక్కుపోతుంది. అట్ల బతుకమ్మ నాడు అత్తమ్మ వచ్చి చూసి, "పెనం మంచిగ కాలింది బిడ్డా, మరి మూతేది?" అని అడిగింది. పెనం అమ్మేవాళ్ళు మూత ఇవ్వరు. సరే, ఇవ్వక్కర్లేదు. కనీసం మూత నిలబడే అంచన్నా ఇవ్వాలి కదా!

మా అమ్మమ్మ వాడిన పెనం నడుమ కొంచెం లోతుగా ఉండేది. పిండి తనంతట తనే నడిమికి చేరి, మధ్యలో మెత్తగా, అంచుల్లో ఎర్రగా వచ్చేది. దాని మీద మట్టిమూకుడు బోర్లిస్తే సరిగ్గా కూర్చునేది. ఆ పెనం ఇప్పుడు మా పెద్దమామయ్యగారింట్లో ఉంది, ఎవరికీ ఇవ్వరు, అడగడం కూడా మర్యాద కాదు. నేను వెతికేది ఆ లోతు కోసమే. ఇన్ని కంపెనీలు పోత ఇనుము పెనాలు చేస్తున్నాయి. మూకుళ్ళు చేస్తున్నారు, గుంతపొంగనాల పెనాలు చేస్తున్నారు, చపాతీ పెనాలు చేస్తున్నారు. మందపాటి అట్టు పోసుకునే ఇళ్ళు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని ఉండగా అట్ల పెనం అని ఒకటి చెయ్యడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

ఇదే అంచు సమస్య ఇంకో చోట కూడా కనిపించింది. బతుకమ్మ రోజుల్లో సద్దులు, సత్తుపిండి చెయ్యాలి. కొత్త మొక్కజొన్నలు వేయించి పొడి కొట్టి చక్కెర కలిపితే ఒక సత్తు, పెసర్లతో ఒకటి, నువ్వులతో ఒకటి. మొక్కజొన్న గింజలు దీని మీద బాగానే వేగాయి, రంగు కూడా సమానంగా వచ్చింది. నువ్వులు పోస్తే మాత్రం చిటపటలాడి సగం స్టవ్ మీదే పడ్డాయి. తర్వాత కార్తీకంలో నాగుల చవితికి చిమ్మిలి కూడా నువ్వులతోనే. దానికి మూకుడే తీశాను. వేయించే పనులకి దీన్ని నమ్ముకోకండి.

ఇంతకుముందు వాడినవాటి గురించి కూడా చెప్పాలి. పెళ్ళైన కొత్తలో నాన్‌స్టిక్ కొన్నాను. అంటుకోదు, నూనె తక్కువ, అంతా బాగుంది. కానీ ఆ పూత సుమారు 260 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే పాడవడం మొదలవుతుంది. పండగ పూట ఖాళీ పెనం మంట మీద వదిలేసి పూజగదిలోకి వెళ్ళేవాళ్ళం మనం. అంత వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు. గీతలు పడి, పూత లేచిపోయాక దాన్ని తీసేసి సంతలో పల్చటి రేకు పెనం కొన్నాను. అది పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే అయింది. నడుమ మాడుతూ, పక్కలు పచ్చిగా ఉండేవి.

పోత ఇనుముకి మారేవాళ్ళకి ఓపిక కావాలి. డబ్బా మీద నూనె పట్టించేశాం, వెంటనే వాడొచ్చు అని రాశారు. అలా వాడితే మొదటి అట్టు చిరిగి వస్తుంది. నా మాట విని ముందు కడిగి, స్టవ్ మీదే పూర్తిగా ఆరబెట్టి, గుడ్డతో నూనె పల్చగా, ఉందా లేదా అన్నంత పల్చగా పట్టించండి. పొగ వచ్చేదాకా కాల్చి చల్లారనివ్వండి. మళ్ళీ అలాగే చెయ్యండి. ఆ వేడికి నూనె గట్టిపడి నల్లటి పొరగా మారుతుంది. అట్టు అంటుకోకుండా కాపాడేది ఆ పొరే. నూనె ఎక్కువ పోస్తే జిగురుగా అట్టకడుతుంది, అది పనికిరాదు. తర్వాత కొన్నాళ్ళు చపాతీలు, ఉల్లిపాయ వేపుళ్ళు చేస్తూ ఉండండి. చింతపండు, టమాటా మాత్రం దీని దగ్గరికి రానివ్వకండి, పులుపుకి ఆ పొర పోతుంది. దసరాకి పులిహోర పులుసు, వనభోజనాలకి కందాబచ్చలి, ఇవన్నీ వేరే గిన్నెలో. కడిగి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. కాలిన పెనం మీద చల్లటి నీళ్ళు గుమ్మరించకండి, పోత ఇనుము పగిలే ప్రమాదం ఉంది. ఇంట్లో సాయం చేసే ఆవిడకి కూడా ఈ మాట ముందే చెప్పి పెట్టండి.

పిడి కూడా అదే ఇనుము, చెయ్యి కాలుతుంది, మందపాటి గుడ్డ పక్కనే పెట్టుకోండి. బరువు కాబట్టి అమ్మకి ఒక చేత్తో లేవలేదు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకి ఇది వద్దు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. గాజు స్టవ్ మీద జరపకండి, ఎత్తి పెట్టండి.

అయినా నేను దీన్ని ఇంట్లోంచి పంపించను. ఈ రోజుల్లో వంటింటి గుమ్మం దగ్గర తంగేడు, గునుగు పూల కట్టలు ఉంటాయి, బుట్టలో సీతాఫలాలు మాగుతుంటాయి, బయట వానలు వెనకపట్టి సాయంత్రాలు చల్లబడతాయి. సంవత్సరమంతటిలో నేను స్టవ్ దగ్గర ఇష్టంగా నిలబడేది ఇప్పుడే. ఆ పూట నా చేతికి ఒక పని తగ్గించి, అందరితో కూర్చుని బతుకమ్మ పేర్చే తీరిక ఇచ్చిన వస్తువిది. పిండి కలిపి పెట్టేస్తే మా అమ్మాయి కూడా దీని మీద అట్లు పోసింది. వేడి నిలకడగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకి కూడా అట్టు దారికొస్తుంది. నాకు ఆ ఒక్కటీ చాలు. అంచు మీద కోపం అలాగే ఉంది, కంపెనీ వాళ్ళకి ఇదే మాట రాసి పంపాను కూడా.

కాబట్టి కొనొచ్చు అనే చెబుతాను, పండగకి వారం ముందు మాత్రం కొనకండి. నూనె పొర కుదరాలి, కనీసం వినాయక చవితి నాటికి ఇంట్లో ఉండాలి. అట్లతద్దికి కుదరకపోయినా కార్తీక సోమవారాలు ఎలాగూ ఉన్నాయి. నక్షత్రాలు చూశాక వేడి అట్టు తినేవాళ్ళు ఆ నెలంతా వాడుకోవచ్చు. మూతకి నేను పట్టిన ఉపాయం ఇది: పాత ఇత్తడి పళ్ళెం, లోతుగా ఉన్నది, పిడి తగలకుండా బోర్లించాను, జారలేదు. మీ ఇంట్లో లోతు పెనం ఉండి, అలాంటిది ఇప్పటికీ ఎక్కడైనా పోత పోసి అమ్ముతున్నారని తెలిస్తే ఊరి పేరుతో సహా కింద రాయండి. వెళ్ళి తెచ్చుకుని, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇంకో వీడియో చేస్తాను.