జెండాలో కాషాయం పసుపైపోయింది: ప్రింటర్ హెడ్ క్లీనింగ్ కిట్ పనిచేస్తుందా?

నమస్తే అండి. ముందు ఈ కాగితం చూడండి. మన జెండా. పైన కాషాయం ఉండాలి కదా, పసుపు పట్టీ ఉంది. కింద ఆకుపచ్చ మాత్రం నిక్షేపంలా పడింది. ఆగస్టు 14 రాత్రి తొమ్మిదింటికి మా చిన్న గుంట స్కూలు చార్టు కోసం తీసిన ప్రింటు ఇది. దాని మొహం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

కాషాయం అంటే ప్రింటర్ లెక్కలో పసుపు, మెజెంటా (ముదురు గులాబీ రంగు). మెజెంటా రాకపోతే పసుపే మిగులుతుంది. ఆకుపచ్చకి పసుపు, సయాన్ (లేత నీలం) చాలు, అందుకే దానికేం కాలేదు. అంటే ఒక్క రంగు ఆగిపోయింది. ట్యాంకులో చూస్తే మెజెంటా సగానికి పైనే ఉంది.

వెంటనే ప్రింటర్ మెనూలోంచి హెడ్ క్లీనింగ్ కొట్టాను, హెడ్ అంటే కాగితం మీద ఇంకు చల్లే భాగం. రాలేదు. మళ్లీ కొట్టాను. టెన్షన్‌లో వరసగా ఏడుసార్లు కొట్టాను. ఇది తప్పు, మీరు చేయకండి. ఎప్సన్ ట్యాంక్ ప్రింటర్ల మాన్యువల్స్ చాలా వాటిలో రాసే ఉంటుంది: నాజిల్ చెక్ (హెడ్‌కున్న సన్నటి కన్నాల్లోంచి ఇంకు వస్తోందో లేదో చూపే గీతల ప్రింటు), క్లీనింగ్ కలిపి మూడుసార్లు చేసినా బాగవకపోతే కనీసం 12 గంటలు ప్రింటర్‌ని వదిలేసి మళ్లీ చూడమని. ఆ సమయంలో గట్టిపడిన ఇంకు మెత్తబడుతుంది, గాలి బుడగలు సర్దుకుంటాయి. మనకి అంత ఓపికేదీ! పైగా క్లీనింగ్‌లో లాగిన ఇంకంతా కింద వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది. ఆ ప్యాడ్ నిండిందంటే ప్రింటర్ మొత్తానికే మొరాయిస్తుంది.

మర్నాడు సెలవు. ఆ తర్వాత రోజు టౌన్‌లో ఒక షాపుకి పట్టుకెళ్లాను. అతను మూత తీసి ఇలా చూసి, "హెడ్ పోయింది బావూ, కొత్తది వేయాలి" అన్నాడు. ధర విన్నాక ప్రింటర్‌ని బండి మీద పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. అదే రాత్రి ఆన్‌లైన్‌లో ఈ కిట్ ఆర్డర్ పెట్టాను. 349 రూపాయలు. శ్రీకాకుళం చేరడానికి నాలుగు రోజులు పట్టింది. ఇందులో నీలం రంగు ద్రవం 100 ఎంఎల్, రెండు సిరంజిలు, రెండు మెత్తటి గొట్టం ముక్కలు, ఒక జత గ్లవ్స్. అంతే.

కిట్ వచ్చేలోపు ఒక సంగతి బుర్రకి తట్టింది. ఏడుసార్లు క్లీనింగ్ కొట్టానా? ట్యాంకుల్లో ఇంకు గీత పిసరంత కూడా దిగలేదు! దిగాలి కదా, అది ఇంకుని లాగి పారబోసే పనే కదా. మరి లాగడమే లేదా?

లాగే చోటు చూపిస్తాను, దగ్గరకి రండి. కుడి చివర ఈ చిన్న రబ్బరు అంచు ఉన్న డబ్బా, లోపల స్పాంజి. పని లేనప్పుడు హెడ్ దీని మీద కూర్చుంటుంది. ఊరగాయ జాడీకి మూత ఎందుకో ఇదీ అందుకే, నాజిల్స్ ఎండిపోకుండా. క్లీనింగ్ అప్పుడు పంపు దీని అడుగున ఉన్న కన్నం గుండానే ఇంకుని లాగుతుంది. హెడ్ పక్కకి జరిగినప్పుడు ప్లగ్ తీసేసి ఈ డబ్బాలో నాలుగు చుక్కలు నీళ్లు వేశాను. మళ్లీ ప్లగ్ పెట్టి ప్రింటర్ ఆన్ చేసి ఒక క్లీనింగ్ నడిపాను. తెరిచి చూస్తే నీళ్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కన్నం పూడుకుపోయింది! మిగతా మూడు రంగులూ ఎండలేదు కాబట్టి వస్తున్నాయి. ఎండిన మెజెంటాని లాగే దారి మూసుకుపోయింది.

వాడింది కొళాయి నీళ్లు కాదండోయ్, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కొన్నాను. కొళాయి నీళ్లలో ఉప్పులుంటాయి, ఎండాక అవే అడ్డం పడతాయి. కొంచెం గోరువెచ్చగా చేసి వేసి, రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకి నీళ్లు దిగిపోయాయి. రబ్బరు అంచు మీద పేరుకున్న జిగురుని దూదిపుల్లతో తుడిచాను. ఒక్క క్లీనింగ్ కొడితే మెజెంటా గీతలు సగం వచ్చాయి. ఆ సగం చూసి నేను చేసిన హడావిడికి మా అప్ప వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

మిగతా సగానికి కిట్ వాడాను. ప్లగ్ తీసి, హెడ్‌ని మధ్యకి జరిపి, కింద టిష్యూ మడత పెట్టి, పైన డాంపర్ (హెడ్‌కి ఇంకు అందించే చిన్న ప్లాస్టిక్ డబ్బీ) తీస్తే సన్నటి ముక్కు కనిపిస్తుంది. దానికి గొట్టం తగిలించి, రెండు ఎంఎల్ ద్రవాన్ని ఐదు నిమిషాలు పట్టేలా మెల్లగా దింపాలి. బలంగా నొక్కితే హెడ్ లోపలి అతుకులు విడిపోయి రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పక్కనున్న రిబ్బన్ వైరు మీద చుక్క పడితే షార్ట్ అవుతుంది. ఈ రెండు జాగ్రత్తలూ కిట్‌తో వచ్చిన కాగితంలో లేవు. నాకు కోపం వచ్చింది దానికే. పన్నెండు గంటలు వదిలేసి నాజిల్ చెక్ తీస్తే, ఇదిగో, ఒక్క గీత కూడా తెగలేదు.

మరి కొనొచ్చా? సిరంజి మందుల షాపులో దొరుకుతుంది, గొట్టం అక్వేరియం షాపులో అడగండి. నీలం ద్రవం పనిచేసింది, కాదనను. కానీ నా ప్రింటర్‌ని సగం బాగుచేసింది బ్యాటరీ నీళ్లు. ఐదుకి రెండున్నర ఇస్తాను. శానిటైజర్ పోయమని చెప్పేవాళ్లున్నారు, వద్దు. చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, జిగురవుతుంది.

ఇదంతా హెడ్ ప్రింటర్‌లోనే బిగించి ఉండే రకానికి. హెచ్‌పీ, కెనాన్‌లలో హెడ్ కార్ట్రిడ్జ్‌తో పాటే వచ్చే రకమైతే మీ పని తేలిక. కార్ట్రిడ్జ్ తీసి, తడి టిష్యూ మీద కిందివైపు రెండు నిమిషాలు అద్దితే చాలాసార్లు సరిపోతుంది. అవి ఇంకుని వేడిచేసి బుడగతో తోస్తాయి, ఇంకు లేకుండా పదేపదే ప్రింట్ కొడితే కాలిపోతాయి.

అసలు ఎందుకు ఎండింది? తప్పు నాదే. అందుకే ప్రింటర్ ఏ కంపెనీదో చెప్పను. పని అవ్వగానే గోడ స్విచ్ ఆపేయడం నా అలవాటు. ప్రింటర్ బటన్‌తో ఆపితేనే హెడ్ తప్పకుండా వెళ్లి ఆ రబ్బరు అంచు డబ్బా మీద కూర్చుంటుంది. ప్రింట్ మధ్యలో కరెంటు పోయినా ఇదే బాధ, మన దగ్గర గాలీవానా వస్తే తెలిసిందే. కరెంటు రాగానే ఒకసారి ఆన్ చేసి, బటన్‌తో ఆపండి. దానికి తోడు వేసవి సెలవుల్లో నేను రెండు నెలలు ఒక్క కలర్ ప్రింటూ తీయలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక కలర్ పేజీ తీస్తున్నాను, మా గుంట బొమ్మ ఎంచుతుంది.

బాటిల్‌లో ద్రవం ఇంకా దాదాపు అంతా ఉంది. శ్రీకాకుళంలో ఎవరికైనా కావాలంటే కామెంట్ పెట్టండి, ఊరికే ఇచ్చేస్తాను. సిరంజి మాత్రం ఇవ్వను.