అత్యవసర కాలంలో లైంగిక నేరస్థుల నమోదు: స్టేషన్ తలుపు మూసుకున్నప్పుడు బాధ్యత ఎవరిది?

రాజమహేంద్రవరంలోని ఒక స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమానికి ఇది అక్షర రూపం. కోనసీమలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన డీఎస్పీ, ఇక్కడి కోర్టుల్లో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులు వాదించే న్యాయవాది, కాకినాడకు చెందిన ప్రజారోగ్య వైద్యురాలు, నరసాపురం ప్రాంతంలో బాలల సంరక్షణ కోసం పనిచేస్తున్న కార్యకర్త ఇందులో పాల్గొన్నారు.

సంధానకర్త: అందరికీ నమస్కారం. మహిళలు, పిల్లల మీద జరిగే నేరాల కోసం రాష్ట్రంలో మొట్టమొదటి దిశ పోలీసు స్టేషన్ 2020 ఫిబ్రవరి 8న మన రాజమహేంద్రవరంలోనే ప్రారంభమైంది. అది కుదురుకునే లోపే, మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశమంతటా లాక్‌డౌన్ మొదలై, పోలీసు యంత్రాంగం చాలావరకు చెక్‌పోస్టులకు తరలిపోయింది. లైంగిక నేరం రుజువై, శిక్ష అనుభవించి బయటికి వచ్చిన వ్యక్తి ఎక్కడ ఉంటున్నాడో, ఏ పని చేస్తున్నాడో ప్రభుత్వం తెలుసుకుంటూ ఉండవలసిన బాధ్యత అటువంటి రోజుల్లో ఏమవుతుందన్నది ఈ రోజు మన ప్రశ్న. అమెరికా వార్తలు చూసి మన దగ్గరా అదే పద్ధతి ఉందనుకునేవారు చాలామంది ఉన్నారు కాబట్టి, ముందుగా న్యాయవాది గారు ఆ తేడా చెప్పాలి.

న్యాయవాది: అమెరికాలో నమోదు అనేది నేరస్థుడి మీద ఉన్న బాధ్యత. అక్కడ 2006లో వచ్చిన ఆడమ్ వాల్ష్ చట్టం ప్రకారం, నేర తీవ్రతను బట్టి ఏడాదికొకసారి, ఆరు నెలలకొకసారి లేదా మూడు నెలలకొకసారి అతను స్వయంగా అధికారి ముందుకు వెళ్లి తన వివరాలు సరిచూపించుకోవాలి. ఇల్లు గానీ ఉద్యోగం గానీ మారితే మూడు పనిదినాల్లో తెలియజేయాలి. ఈ బాధ్యత 15 ఏళ్లు, 25 ఏళ్లు లేదా జీవితాంతం కొనసాగుతుంది. రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడాలు ఉన్నాయి. కాలిఫోర్నియాలో స్థిరమైన ఇల్లు లేనివారు 30 రోజులకొకసారి హాజరు కావాలి. మన దేశంలో 2018 సెప్టెంబరు 20న కేంద్ర హోంశాఖ ప్రారంభించిన లైంగిక నేరస్థుల జాతీయ సమాచార నిధి దీనికి పూర్తిగా భిన్నమైనది. జాతీయ నేర రికార్డుల బ్యూరో దానిని నిర్వహిస్తుంది. శిక్ష పడినవారి వివరాలే అందులో ఉంటాయి. పోలీసులు, దర్యాప్తు సంస్థలు తప్ప ఇతరులు చూడలేరు. మొదలైన రోజుకే 4 లక్షలకు పైగా నమోదులు ఉన్నాయి. అయితే అందులో పేరున్న మనిషి ఎక్కడికీ వెళ్లి సంతకం పెట్టనక్కరలేదు. కాబట్టి మహమ్మారి వస్తే అక్కడ ఆగిపోయేది నేరస్థుడి హాజరు, మన దగ్గర ఆగిపోయేది ఆ సమాచారాన్ని తాజాగా ఉంచవలసిన పోలీసుల పని. ఇక్కడ ఆగిపోయినా ఎవరికీ కనిపించదు, అదే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

విశ్రాంత డీఎస్పీ: అమ్మా, మన దగ్గర హాజరు అసలే లేదని శ్రోతలు అనుకోకూడదు. కండిషన్ బెయిల్ మీద వచ్చిన నిందితుడు వారానికొకసారి స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టే పద్ధతి ఉంది. మూడేళ్లు లేదా అంతకు మించిన జైలుశిక్షకు వీలున్న నేరం ఒకసారి రుజువైన వ్యక్తికి, అటువంటి నేరంలోనే రెండోసారి జైలుశిక్ష పడితే, విడుదలైన తర్వాత ఐదేళ్లకు మించకుండా తన నివాసం, దాని మార్పులు తెలియజేయాలని కోర్టు ఆదేశించవచ్చు. కొన్ని తరగతుల నేరాలకే వర్తించే ఈ నిబంధన పాత నేరశిక్షాస్మృతి (సీఆర్‌పీసీ)లో 356వ సెక్షన్, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 394. దాన్ని అడిగి ఉత్తర్వు తెచ్చుకున్న సందర్భాలు నా సర్వీసులో బహు అరుదు. ఇక లాక్‌డౌన్ సంగతి చెప్పాలంటే, సఖినేటిపల్లిలో సంతకం పెట్టవలసిన మనిషి నరసాపురంలో ఉంటే పంటు మీద గోదావరి దాటి వస్తాడు. పంటు ఆగిపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి, ఆ దారిలో చెక్‌పోస్టు ఉంటుంది. అక్కడ మా వాళ్లే ఆపేవారు, రాకపోతే ఇక్కడ మా వాళ్లే గైర్హాజరు రాసేవారు.

సంధానకర్త: అంటే ఒక ఉత్తర్వు పాటిస్తే ఇంకొకటి ఉల్లంఘించినట్టే. అమెరికాలోనూ ఇదే జరిగిందా?

న్యాయవాది: ఇంతకంటే కఠినంగా జరిగింది, ఎందుకంటే అక్కడ నమోదుకు వెళ్లకపోవడమే ప్రత్యేక నేరం; ఫెడరల్ (కేంద్ర) చట్టం కింద పదేళ్ల వరకు జైలు పడవచ్చు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో చాలాచోట్ల కార్యాలయాలు ప్రజలకు తలుపులు మూసేశాయి, చట్టంలోని గడువులు మాత్రం అలాగే ఉన్నాయి. కొన్నిచోట్ల ఫోను ద్వారా వివరాలు తీసుకున్నారు. మిషిగన్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి 2020 ఏప్రిల్‌లో జోక్యం చేసుకుని, సంక్షోభం ముగిసేదాకా నమోదు నిబంధనలు పాటించలేదని ఎవరినీ శిక్షించవద్దని ఆదేశించారు. ఆ ఉత్తర్వు సమంజసమే కానీ, దాంతో నమోదు మొత్తంగా నిలిచిపోవడం నాకు సమ్మతం కాదు. నాకు నచ్చిన మార్గం ఆ ఫెడరల్ చట్టంలోనే ఉంది. నమోదు కాలేకపోయిన వ్యక్తి మూడు విషయాలు చూపగలిగితే శిక్ష తప్పుతుంది: తన చేతిలో లేని పరిస్థితి అడ్డుపడిందని, ఆ పరిస్థితి తన నిర్లక్ష్యం వల్ల రాలేదని, అది తొలగిన వెంటనే తాను హాజరయ్యానని. ఈ మూడో షరతు చాలా విలువైనది. బాధ్యత రద్దు కాలేదని, వాయిదా మాత్రమే పడిందని అది చెబుతుంది. మన బెయిల్ ఉత్తర్వుల్లో అటువంటి వాక్యం ఒక్కటి ముందే రాసి ఉంటే, లాక్‌డౌన్ మధ్యలో కక్షిదారు కోర్టు చుట్టూ, కానిస్టేబులు కక్షిదారు చుట్టూ తిరగనక్కరలేదు.

వైద్యురాలు: వ్యాధి కోణంలో ఒక మాట కలుపుతాను. స్టేషన్ గది ఇరుకైనది, గాలి ఆడదు. సంతకాలకు వచ్చినవారంతా వరుసలో నిలబడతారు, అందరూ ఒకే పెన్ను పట్టుకుంటారు. ఆ రోజుల్లో అది వైరస్‌కు అనువైన చోటు. కేసుల సంఖ్యలో అప్పటి తూర్పు గోదావరి జిల్లా రాష్ట్రంలో ముందు వరుసలో ఉండేది, పోలీసులు కూడా ఎందరో జబ్బుపడ్డారు. కాబట్టి ముఖాముఖి హాజరును ఆపడం వైద్యపరంగా తప్పనిసరి. అయితే నిర్ణీత వేళకు వీడియో కాల్ చేయవచ్చు, వీధి గుమ్మం దగ్గర మాస్కుతో, దూరంగా నిలబడి మాట్లాడి రావచ్చు. చెట్టు కింద, గాలి ఆడే చోట రిజిస్టరు పెట్టినా ఎంతో మేలు.

విశ్రాంత డీఎస్పీ: డాక్టరు గారూ, వీడియో కాల్‌లో మనిషి కనిపిస్తాడు గానీ ఊరు కనిపించదు. ఇల్లు చూడాలి, ఇంట్లో కొత్తగా చిన్నపిల్లలు ఎవరైనా చేరారేమో చూడాలి. మాకు అప్పుడు మనుషులు చాలలేదు. మీ ఆశా కార్యకర్తలు, ఊరి వాలంటీర్లు జ్వరాల సర్వే కోసం ప్రతి ఇంటికీ వెళ్లారు. వాళ్ల చేతికి ఒక చిన్న జాబితా ఇచ్చి, ఫలానా మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో చూసి చెప్పమంటే సరిపోయేది కదా?

వైద్యురాలు: సరిపోదండీ, అది చాలా ప్రమాదం. ఆశా కార్యకర్త గుమ్మంలోకి వస్తే జనం జ్వరం ఉందని చెప్పేది ఆమెను తమ మనిషిగా నమ్మబట్టే. ఆమె పోలీసుల తరఫున చూడ్డానికి వచ్చిందన్న మాట ఒక్క ఊరిలో పుడితే చాలు, పక్క లంక గ్రామాల్లో కూడా తలుపులు మూసేస్తారు, దగ్గు దాచిపెడతారు. పైగా ఆమె అదే వీధిలో కాపురం ఉండే మనిషి. నేరచరిత్ర ఉన్న వ్యక్తి మీద నిఘా పెట్టమని ఆమెను పంపి, రేపు అతను ఆమె మీదికి వస్తే ఎవరు అడ్డుపడతారు? ఆరోగ్య సర్వే వివరాలు పోలీసు నిఘాకు వెళ్లకూడదు, పోలీసు జాబితా ఆరోగ్య సిబ్బంది ఫోన్లలోకి రాకూడదు. ఈ రెండు గీతలూ నేను చెరపనివ్వను.

విశ్రాంత డీఎస్పీ: ఆమె భద్రత గురించి నేను ఆలోచించి ఉండవలసింది, ఒప్పుకుంటున్నాను. అయితే గ్రామ సచివాలయంలో ఉండే మహిళా సంరక్షణ కార్యదర్శికి పోలీసు శాఖతో నేరుగా సంబంధం ఉంది. స్టేషన్ అధికారి స్వయంగా చెప్పి, ఒక కానిస్టేబులును వెంట పంపితే ఆమె ద్వారా ఆ పని సాగుతుంది.

వైద్యురాలు: ఆమెను జ్వరాల సర్వేలో కలపకుండా ఉంటే నాకు అభ్యంతరం లేదు.

సంధానకర్త: ఈ ఒక్క అంశం మీద ఇద్దరూ ఇంతసేపు వాదించుకోవడం అవసరమేనని నా అభిప్రాయం, ఎందుకంటే విపత్తు వేళ ఇటువంటి పనులు సాధారణంగా నోటిమాట మీద అప్పగిస్తారు. కార్యకర్త గారూ, మీరు ఇంతవరకు మౌనంగా ఉన్నారు.

కార్యకర్త: జాబితా మీదే ఇంత మాట్లాడుతుంటే నాకు దిగులుగా ఉందండీ. పిల్లల మీద జరిగే అత్యాచారాల్లో తొంభై శాతానికి పైగా తెలిసినవారే చేసినవని జాతీయ నేర రికార్డుల నివేదికలే ఏటా చెబుతున్నాయి. బంధువు, పొరుగువాడు, ఇంటి యజమాని, ట్యూషన్ చెప్పే మాస్టారు; వారిలో ఎక్కువమందికి పాత శిక్షలు ఉండవు, ఏ జాబితాలోనూ పేరు ఉండదు. మా వైపు ఎందరో తల్లులు కువైట్, మస్కట్ వంటి చోట్లకు ఇంటిపనికి వెళ్లి, పిల్లలను అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో ఉంచుతారు. లాక్‌డౌన్‌లో విమానాలు ఆగాయి, తల్లి రాలేదు, బడి మూతపడింది, అంగన్‌వాడీ మూతపడింది. పిల్ల ముఖం చూసి ఏదో జరిగిందని పసిగట్టే టీచరు ఆమెకు దూరమైంది. దేశం మొత్తం మీద లాక్‌డౌన్ తొలి రోజుల్లో, పదకొండు రోజుల వ్యవధిలో, రక్షణ కోరుతూ 1098 నంబరుకు 92 వేలకు పైగా ఫోన్లు వచ్చాయని అప్పట్లో చైల్డ్‌లైన్ ప్రకటించింది. ఫోను చేయగలిగిన పిల్లలు వాళ్లు. ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది వేధించేవాడి జేబులోనే ఉంటే ఆ పిల్ల ఎవరికి చెబుతుంది?

సంధానకర్త: అయితే నమోదు అనవసరం అంటారా?

కార్యకర్త: అననండి. దాని ఉపయోగం ఎక్కడ ఉందో అక్కడ వాడండి అంటున్నాను. అత్యవసర కాలంలో రాత్రికి రాత్రి మనుషులను పనిలోకి తీసుకుంటారు. అంబులెన్సు డ్రైవర్లు, క్వారంటైన్ కేంద్రాల కాపలాదారులు, వార్డు బాయ్‌లు, భోజనం తెచ్చేవారు. 2020 సెప్టెంబరులో కేరళలోని పత్తనంతిట్ట జిల్లాలో కోవిడ్ సోకిన ఒక యువతిని ఆస్పత్రికి తీసుకువెళుతున్న అంబులెన్సు డ్రైవరే ఆమె మీద అత్యాచారం చేశాడు. అతని మీద అంతకు ముందే హత్యాయత్నం కేసు ఉందని తర్వాత బయటపడింది. రోగితో ఒంటరిగా ప్రయాణించే మనిషి గతాన్ని ముందుగా ఎవరూ తరచి చూడలేదన్నమాట.

న్యాయవాది: ఆ ఉదాహరణలో ఇంకొక పాఠం కూడా ఉంది. అతని పేరు జాతీయ సమాచార నిధిలో ఉండే అవకాశం లేదు, ఎందుకంటే అందులో శిక్ష పడిన లైంగిక నేరస్థులే ఉంటారు. అందుచేత నియామకానికి ముందు పోలీసుల ద్వారా ఆ నిధితో పాటు స్థానిక స్టేషన్‌లో ఉన్న కేసుల వివరాలు కూడా చూడాలి. ఒక పేరు సరిచూడడానికి ఎక్కువ సమయం పట్టదు. అంతవరకు ఆ వ్యక్తికి ఒంటరిగా రోగుల దగ్గర ఉండే పని ఇవ్వకుండా, ఇద్దరిద్దరుగా పంపితే సరిపోతుంది. జైళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. 2020 మార్చి 23న సుప్రీంకోర్టు జైళ్లలో రద్దీ తగ్గించడానికి ప్రతి రాష్ట్రంలో ఉన్నతస్థాయి కమిటీ వేయమన్నది; ఢిల్లీ కమిటీ అత్యాచారం, పోక్సో కేసుల వారిని ఆ తాత్కాలిక విడుదల నుంచి మినహాయించింది. అది సరైన నిర్ణయం.

సంధానకర్త: 2019 డిసెంబరులో శాసనసభ ఆమోదించిన దిశ బిల్లులో నేరస్థుల రిజిస్టరును ప్రజలందరికీ అందుబాటులో ఉంచాలన్న ప్రతిపాదన ఉంది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. అది అమల్లో ఉండి ఉంటే కోవిడ్ రోజుల్లో మేలు జరిగేదా?

విశ్రాంత డీఎస్పీ: జరిగేదనే ఒకప్పుడు అనుకునేవాడిని. పక్కింట్లో ఎవరున్నారో తెలిస్తే తల్లి జాగ్రత్తపడుతుంది కదా అనిపించేది.

న్యాయవాది: నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. రెండు వందల గడపల లంక గ్రామంలో మేనమామ పేరు బయటపెడితే, మేనకోడలి పేరు బయటపెట్టినట్టే. బాధితురాలైన పిల్ల గుర్తింపు బయటపెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతుంది; బహిరంగ జాబితా దాన్ని దొడ్డిదారిన ఉల్లంఘిస్తుంది. జాబితా ఊరందరిదీ అవుతుందని తెలిస్తే ఆ కుటుంబం ఫిర్యాదే చేయదు. లాక్‌డౌన్‌లో ఊరు పొలిమేరలో కంపలు వేసుకుని కొత్తవారిని రానివ్వని రోజులు చూశాం. ఆ కోపంలో ఉన్న ఊరి చేతికి జాబితా ఇస్తే ఆ మనిషిని తరిమేస్తారు. తరిమేసిన మనిషి చిరునామా ఇక ఎవరి దగ్గరా ఉండదు.

వైద్యురాలు: వరద కూడా తోడైతే ఎలాగన్నది నా భయం. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు లంకల జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించాం. మహమ్మారి తీవ్రంగా ఉన్న సమయంలో ఆ వరద వచ్చి ఉంటే, దూరం పాటించడానికి పరదాలు కట్టి గదులు విడదీసేవాళ్లం. ఆ పరదాల వెనుక ఎవరున్నారో ఎవరికి తెలుస్తుంది?

విశ్రాంత డీఎస్పీ: నేరచరిత్ర ఉందని ఎవరినీ వరదలోకి గెంటలేం, అతని ప్రాణమూ ప్రాణమే. స్టేషన్ అధికారి తన పరిధిలో ఉన్న అటువంటివారిని ముందే గుర్తించి, పిల్లలు లేని వేరే భవనంలో వసతి చూపాలి. కారణం కేంద్రం నిర్వాహకుడికి కూడా చెప్పనక్కరలేదు. ఫలానా కుటుంబాన్ని ఫలానా చోటికి పంపమన్న ఆదేశం చాలు. మరుగుదొడ్ల దారిలో రాత్రంతా దీపం, ఆడ కానిస్టేబులు ఉండాలి. ఇవన్నీ వరద వచ్చాక రాసుకునేవి కావు, వేసవిలోనే రాసుకోవాలి.

సంధానకర్త: చివరి ప్రశ్న ఒక ప్రధానోపాధ్యాయుడు పంపారు. తాను చేయగలిగింది ఏమైనా ఉందా అని అడుగుతున్నారు.

కార్యకర్త: చాలా ఉంది. బడులు మూతపడేముందు ఏ పిల్ల ఎవరి దగ్గర ఉంటోందో, తల్లిదండ్రులు ఊళ్లో లేని పిల్లలు ఎవరో ఒక పట్టిక రాసుకోమనండి. మధ్యాహ్న భోజనం బదులు ఇళ్లకు సరుకులు పంపే రోజుల్లో టీచరే వెళ్లి పిల్లతో గుమ్మం బయట రెండు నిమిషాలు విడిగా మాట్లాడాలి. బియ్యం ఇవ్వడానికి వచ్చిన టీచరును ఎవరూ అనుమానించరు. బడి తెరిచాక మొదటి వారంలో రాని పిల్లల పేర్లు జిల్లా బాలల సంరక్షణ అధికారికి పంపాలి, అందులో ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లల ఇళ్లకు ముందుగా వెళ్లాలి.

విశ్రాంత డీఎస్పీ: ఆ పేర్ల ప్రతి ఒకటి స్టేషన్‌కు కూడా ఇమ్మనండి. మా దగ్గర ఉన్న చిరునామాలతో పోల్చి చూసే పని మాది.