ఉగ్గుగిన్నె

అందరికీ నమస్కారం. పెంపుడు జంతువులు పోయినవాళ్లు ఇంతమంది ఒకచోట కూర్చోవడం నేను చూడడం ఇదే మొదటిసారి. బయట ఈ మాట ఎత్తితే "కుక్కేగా" అంటారని నోరు మూసుకుంటాం.

మా జిమ్మీ 13 ఏళ్ల ఊరకుక్క. కిడ్నీలు పాడయ్యాయి. చివరి వారం గిన్నెలో మూతి పెట్టే ఓపిక కూడా లేకపోతే, మా ఆవిడ అటక మీది నుంచి మా అబ్బాయి ఉగ్గుగిన్నె దించింది. దాని కొమ్ము జిమ్మీ దవడ పక్కన ఆనించి కొద్దికొద్దిగా వంచేవాణ్ణి. సగం లోపలికి, సగం నా చొక్కా మీదికి.

పోయాక పాతిపెట్టడానికి చోటు కావాలి. అపార్ట్‌మెంట్ వాళ్లకు మన్ను ఎక్కడిది? గుంటూరు దగ్గర ఉప్పలపాడు దారిలో ఒక మిత్రుడి పొలం ఉంటే, గట్టు మీద పెట్టి వచ్చాం. మనిషి పోతే పదకొండో రోజనీ పన్నెండో రోజనీ ఏదో ఒక తతంగం ఉంటుంది. కుక్కకు ఏముంది? వచ్చిన ప్రతివాళ్లూ ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ చెప్పారు. ఆ కుక్క చివరికి యమధర్మరాజని తేలింది. మా జిమ్మీ చివరిదాకా కుక్కే.

ఆదివారాలు ఆ గట్టుకు వెళ్లి వస్తూ, ఒకరోజు టీ కోసం ఉప్పలపాడులో ఆగాను. ఆ ఊరికి జనం పక్షులను చూడ్డానికే వస్తారు. నేను ఆగింది పక్షుల కోసం కాదు, నాకు కాకికీ కోకిలకూ తేడా తెలిస్తే ఎక్కువ. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ముక్కు మూసుకోవాల్సినంత కంపు. మార్చి ఎండ. ఒక కొంగ గూటిలో తెల్లటి నూగుతో మూడు పిల్లలు, నోళ్లు తెరిచి ఎగపోస్తున్నాయి. తల్లో తండ్రో, వాటిలో ఇద్దరూ వంతులవారీగా కాస్తారట, ఎండకు వీపు పెట్టి రెక్కలు గొడుగులా విప్పి నిలబడింది. పెద్ద కొంగలకు అరుపు దాదాపు ఉండదు. ముక్కు టకటకలాడించడమే వాటి మాట. ఇది ఆ మాట కూడా లేకుండా నిలబడింది.

కాసేపటికి రెండోది వచ్చి వాలింది. చేప తెచ్చి ఉంటుందనుకున్నాను. మెడ వంచి, ఆ పొడవాటి పసుపుపచ్చ ముక్కులోంచి పిల్లల మీద నీళ్లు కక్కింది. ఒక పిల్ల నోరు పైకెత్తింది. సగం నోట్లోకి, సగం గూటి పుల్లల మీదికి.

టీ గ్లాసు పట్టుకుని అక్కడే ఏడ్చాను. జిమ్మీ పోయిన రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. టీ కొట్టాయన ఏమీ అడగలేదు, ఇంకో టీ పోసి ఇచ్చాడు.

ఎండకు పిల్లలను అలా తడపడం కొంగల్లో మామూలేనని తర్వాత తెలిసింది. మామూలే కావడం నాకు ఇంకా నచ్చింది.

ఆ వేసవంతా వారం వారం వెళ్లాను. పిల్లల రెక్కలు ముదిరాయి, గూటి అంచున నిలబడి తపతపలాడించేవి. ఒక ఆదివారం గూడు ఖాళీ. టీ తాగాను, కొట్టాయనతో పచ్చిమిర్చి ధర గురించి మాట్లాడాను, ఇంటికి వచ్చేశాను. బండి స్టాండు వేస్తుంటే గుర్తొచ్చింది, ఆ రోజు పొలం వైపు వెళ్లనే లేదని.